అక్క మాట్లాడని పదకొండు నెలలు

ఫిబ్రవరి 3

నవల బయటికొచ్చి ఇరవై రెండు రోజులు. మొదటి కాపీ అక్కకే పంపాను. చేరిందని కొరియరు కుర్రాడు సంతకం ఫొటో కూడా పంపాడు. అక్క సంతకమే, చివరి అక్షరం కింద గీతతో సహా. ఇంతవరకూ ఫోన్ లేదు.

ఇవాళ నేనే చేశాను. బావ ఎత్తాడు.

"ఏమ్మా మరదలు పిల్లా! పేపర్లో నీ ఫొటో చూశాం. జుట్టుకి రంగేశావా?"

"అక్క ఏది బావా?"

"మీ అక్కా? మేడ మీద బట్టలారేస్తోంది."

సాయంత్రం ఏడు దాటాక బట్టలారేసేవాళ్ళని నేనింతవరకూ చూడలేదు. పనిలో ఉందేమోలే అనుకున్నాను.

ఫిబ్రవరి 5

మా ఊరి లైబ్రరీ నుంచి పిలుపు. లైబ్రేరియన్‌కి గొంతు తక్కువ, ఉత్సాహం ఎక్కువ. ఇరవై ఒకటో తారీకు సాయంత్రం ఆరింటికి నా కొత్త మనస్తత్వ నవల గురించి మాట్లాడాలట. ఆయన ఇంకా అడుగుతుండగానే సరేనన్నాను.

మా చిన్నప్పుడు ఆ లైబ్రరీలో కథల పుస్తకాల బీరువాకి తాళం ఉండేది. తాళంచెవి అడగాలంటే భయం. అక్క వచ్చి అడిగేది నా కోసం. ఇప్పుడు అక్క ఉండేది అక్కడికి నాలుగు వీధుల అవతలే. రాకుండా ఎలా ఉంటుంది?

ఇది అక్క కథ కాదు. ఈ మాట ఎక్కడో ఒకచోట రాసిపెట్టుకోవాలి. నవల్లో అమ్మాయి టెలిఫోన్ ఆపరేటరు. అక్క కూడా ఒకప్పుడు టెలిఫోన్ ఆపరేటరే. ఆ అమ్మాయి పంతొమ్మిదో ఏట ఇంట్లో మాట్లాడటం మానేసింది. అక్క కూడా పంతొమ్మిదో ఏటే మానేసింది. ఇద్దరూ పదకొండు నెలలే. అంతవరకే పోలిక. మిగతాదంతా నా కల్పన.

ఫిబ్రవరి 8

ప్రసంగానికి చిత్తు ఇక్కడే రాసుకుంటాను.

మా నాన్నకి గడియారాలు బాగుచేసే కొట్టుండేది. ముందుగదిలో కొట్టు, వెనక రెండు గదుల్లో మేం. గోడ మీద పదిహేడు గడియారాలు. ఏ రెండూ ఒక్కసారి గంట కొట్టిన పాపాన పోలేదు. బయట ఊళ్ళో పన్నెండు ఒక్కసారే అయ్యేది గానీ, మా ఇంట్లో నాలుగు నిమిషాల పాటు అయ్యేది. ఇన్ని గడియారాలు పెట్టుకుని టైముకి ఒక్క పనీ చెయ్యడు అని అమ్మ నాన్నని దెప్పేది. నాన్న కంటికి తగిలించుకున్న భూతద్దం తీయకుండానే నవ్వేవాడు. ఒక కన్నే నవ్వుతున్నట్టుండేది.

అక్కకి ఎక్స్‌ఛేంజిలో ఉద్యోగం వచ్చినరోజు ఇంట్లో పండగ. సాయంత్రం ఇంటికొస్తే చెవులకి తగిలించుకునే ఫోను వల్ల జుట్టు మధ్యలో పెద్ద గాడి పడి ఉండేది. అమ్మ వేళ్ళతో రుద్ది రుద్ది సరిచేసేది. తర్వాత అక్క పెరటి మెట్ల మీద కూర్చుని చెప్పులు విప్పేది. నేను పక్కన చేరేదాన్ని. ఆ రోజు బోర్డు మీద ఎన్ని దీపాలు వెలిగాయి, ఎవరు ఎవరి మీద అరిచారు, ఎవరు మూడు నిమిషాల ట్రంకు కాల్‌లో రెండు నిమిషాలు ఏడ్చారు, అన్నీ చెప్పేది. పేర్లు మాత్రం చెప్పేది కాదు. "మూడు నిమిషాలయ్యాయి, పొడిగించమంటారా?" అని ఆపరేటరు గొంతుతో అని చూపించేది. ఆ గొంతు అక్కది కాదు, చాలా దూరం నుంచి వచ్చిన పెద్దమనిషిదిలా ఉండేది. ఆ మెట్ల మీద అక్క చెప్పినన్ని కబుర్లు నాకు జన్మలో మళ్ళీ ఎవరూ చెప్పలేదు.

ఒకరోజు డ్యూటీ నుంచి వచ్చి మెట్ల మీద కూర్చోకుండా నేరుగా లోపలికి పోయింది. ఆ రోజు నుంచి ఇంట్లో ఒక్క మాట లేదు. పదకొండు నెలలు. ఆఫీసులో మాత్రం మామూలుగా మాట్లాడేది. పని పోలేదు, పేరూ పోలేదు.

ఎందుకు? నా నవలంతా ఈ ఎందుకే. రోజుకి ఆరొందల మందిని కలిపే అమ్మాయి. ఊరందరి మాటలూ పొద్దుటి నుంచి తన చెవిలోంచి వెళ్ళిపోయాక, ఇంటికొచ్చేసరికి తన మాట ఏదో తనకే తెలియకుండా పోయింది. మాటలన్నీ అక్కడే ఖర్చయిపోయాయి. ఈ సంగతి మానసిక వైద్యం చేసే డాక్టరమ్మకి చెప్పాను. ఇలా జరగడానికి అవకాశం ఉందండీ అంది. వెనక పేజీలో ఆవిడకి కృతజ్ఞతలు కూడా చెప్పాను.

'మాటలన్నీ అక్కడే ఖర్చయిపోయాయి.' ఆ వాక్యం చదివినప్పుడల్లా నాకే ఒళ్ళు జలదరిస్తుంది. సభలో అక్కడ కాసేపు ఆగాలి.

ఫిబ్రవరి 9

ఫోన్ చేశాను. బావ ఎత్తాడు. అక్క స్నానం చేస్తోందట.

ఫిబ్రవరి 12

పబ్లిషరు ఫోన్. అన్నీ తొందరే ఈయనకి. మొదటి ముద్రణ అయిపోవచ్చిందట. రెండో ముద్రణ అట్ట మీద 'నిజజీవిత కథ' అని వేద్దామంటాడు.

"కల్పితమండీ బాబూ," అన్నాను.

"అది మనకి తెలుసు మేడమ్. చదివేవాళ్ళకెందుకు?"

తర్వాత చూద్దామన్నాను. అక్క ఒక్కమాట చెప్తే ఏదో ఒకటి తేల్చుకునేదాన్ని.

ఫిబ్రవరి 15

మీరు రాయడం ఎలా మొదలుపెట్టారు అని ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు. అడక్కపోతే లైబ్రేరియనే అడుగుతాడు. జవాబు సిద్ధం చేసుకోవాలి.

నాన్న నన్ను గెజిట్టు అని పిలిచేవాడు. వారమంతా ఇంట్లో, వీధిలో, స్కూల్లో విన్నవన్నీ ఒక నోటుపుస్తకంలో రాసేదాన్ని. ఆదివారం సాయంత్రం కొట్టు కట్టేసే ముందు నాన్న నన్ను ఎత్తు స్టూలు మీద కూర్చోబెట్టి, "మా గెజిట్టు చదువుతుంది, వినండి," అనేవాడు. గడియారం కోసం వచ్చినవాళ్ళు, టీ కోసం వచ్చినవాళ్ళు, ఏ పనీ లేక వచ్చినవాళ్ళు అందరూ వినేవారు. నేను గొంతులు మార్చి చదివేదాన్ని. పాలవాడి గొంతు, అమ్మ గొంతు, పక్కింటి దగ్గుల తాతగారి గొంతు. నాన్న పొట్ట పట్టుకుని నవ్వేవాడు. నాకు పదకొండేళ్ళు. అంత గొప్ప సభ నాకు మళ్ళీ దొరకలేదు. అవార్డు ఇచ్చినప్పుడు కూడా అంతమంది అంత మనసారా వినలేదు.

అన్నిటికన్నా ఎక్కువ నవ్వించింది ఒకావిడ ఫోన్ సంభాషణ. పెట్టేస్తాను మరి, పెట్టేస్తున్నాను, నిజంగా పెట్టేస్తున్నాను, అంటూ పెట్టేయకపోవడం. కొట్టంతా గొల్లుమంది. ఎవరో ఆవిడ. గుర్తులేదు.

ఆ ఏడాది అన్నీ మారాయి. స్కూల్లో పెద్దటీచరు ఊరు వదిలి వెళ్ళిపోయింది, మాకు తలా రెండు బిస్కెట్లు పంచారు. అక్క మాట మానేసింది. కళ్ళు లాగుతున్నాయని నాన్న ఆదివారం చదువులు ఆపేశాడు.

ఈ చివరి పేరా సభలో చెప్పక్కర్లేదు. బాగున్నది చెప్తే చాలు.

ఫిబ్రవరి 17

"మీ అక్క నీ పుస్తకం చదివేసింది మరదలా," అన్నాడు బావ. "రెండుసార్లు."

"ఏమంది?"

"ఏమీ అనలేదు."

"ఏమీ అనకపోవడమేంటి బావా? ముఖం ఎలా పెట్టింది?"

"పుస్తకం అడ్డం ఉంది, కనపళ్ళేదు."

బావ ఊరుకోబెట్టడానికి జోకులేస్తున్నాడని తెలుస్తూనే ఉంది. నాకు ఉన్నదే ఒక్క అక్క. అమ్మ లేదు, నాన్న లేడు, నేను పెళ్ళీ గిళ్ళీ పెట్టుకోలేదు. ఒక పుస్తకం రాసి ఆ ఒక్కదాన్నీ పోగొట్టుకున్నానా?

అది అక్క కథ కాదు కదా. మరి నాకెందుకీ భయం?

ఫిబ్రవరి 20

సాయంత్రానికి చేరాను. ఎప్పుడూ దిగేది అక్కా వాళ్ళింట్లోనే. ఈసారి లైబ్రరీవాళ్ళు లాడ్జిలో గది ఇచ్చారు. మర్యాదకి కాదనలేదు అని బావతో అన్నాను. మర్యాదకి కాదు.

మా పాత వీధిలో నడిచాను. నాన్న కొట్టు ఉన్నచోట ఇప్పుడు ఫోన్లు బాగుచేస్తున్నారు. లోపల ఒకతను కంటికి భూతద్దం తగిలించుకుని ఫోను పొట్ట విప్పుతున్నాడు. చూస్తూ నిలబడిపోయాను. "ఏం కావాలమ్మా?" అన్నాడు. ఏం చెప్పాలో తెలియక, నా ఫోను గ్లాసు మార్చమని ఇచ్చాను. దానికేం కాలేదు. అతనికీ తెలిసింది. తుడిచి తిరిగి ఇచ్చేశాడు.

వెనక మెట్లు ఉన్నాయో లేవో అడగలేకపోయాను.

ఫిబ్రవరి 22, ఆదివారం, పొద్దున

నిన్న సాయంత్రం సభ. జరిగింది జరిగినట్టు రాస్తాను.

అరవై కుర్చీలు, ఓ నలభై మంది. మైకు రెండుసార్లు కీచుమని ఊరుకుంది. లైబ్రేరియన్ నన్ను పొగిడిన పొగడ్తలకి నేనే వెనక్కి తిరిగి ఎవరొచ్చారా అని చూడాల్సొచ్చింది. పబ్లిషరు మొదటి వరసలో ఫోను నిలబెట్టి వీడియో తీస్తున్నాడు.

నేను మొదలుపెట్టి ఐదు నిమిషాలైందో లేదో, అక్కా బావా వచ్చి మూడో వరస చివర కూర్చున్నారు. అక్క గొడుగు ఒళ్ళో పెట్టుకుంది. నా ప్రాణం లేచొచ్చింది. ఆ తర్వాత ఎంత బాగా మాట్లాడానో చెప్పలేను. గడియారాలకి నవ్వారు, జుట్టులో గాడికి నవ్వారు. 'మాటలన్నీ అక్కడే ఖర్చయిపోయాయి' దగ్గర అనుకున్నట్టే ఆగాను. ఎవరూ కదల్లేదు. చివరి పేజీ చదివాను. పదకొండు నెలల తర్వాత ఆ అమ్మాయి చెల్లెల్ని పిలిచి "రా, జడ వేస్తా," అనడం. చప్పట్లు.

తర్వాత ప్రశ్నలు. కాలేజీ అమ్మాయి ఒకతె ఈ హీరోయిన్ నిజంగా ఉందా అంది. "పూర్తిగా కల్పితం," అన్నాను. అక్క వైపు చూడలేదు.

అప్పుడు మూడో వరసలో చెయ్యి లేచింది.

"నమస్కారమండీ. నాదొక చిన్న సందేహం."

ఆపరేటరు గొంతు. మాటకీ మాటకీ మధ్య సరిగ్గా ఒకే ఎడం. నలభై ఏడేళ్ళ కింద మెట్ల మీద విన్న గొంతు.

"ఆ అమ్మాయి పదకొండు నెలలు ఇంట్లో ఎవరితోనూ మాట్లాడలేదని రాశారు. అది ఎవరు చూశారండీ?"

మా అక్క నన్ను అండీ అంటోంది. నేనూ అనాల్సొచ్చింది.

"కథ చెప్పేది చెల్లెలు కదండీ. చెల్లెలు చూసింది."

"చెల్లెలు పొద్దున తొమ్మిదింటికి స్కూలుకి పోతే నాలుగింటికి కదండీ ఇంటికొచ్చేది? ఆ అమ్మాయికి వారం విడిచి వారం మధ్యాహ్నం డ్యూటీలని మీరే రాశారు. అంటే ఆ వారాల్లో పొద్దునంతా ఇంట్లోనే ఉంటుంది. అప్పుడు వాళ్ళమ్మతో మాట్లాడలేదని చెల్లెలికి ఎలా తెలుసండీ?"

జనం నవ్వారు. లైబ్రేరియన్ కూడా నవ్వాడు. కాస్త నీళ్ళు తాగి, "నవల్లో కొన్ని ఖాళీలు పాఠకులే పూరించుకోవాలండీ," అన్నాను. దానికీ చప్పట్లు కొట్టారు. ఏం చెప్పినా కొట్టే రోజు అది.

"మంచిదండీ," అని అక్క కూర్చుంది.

సంతకాలు పెట్టి తలెత్తేసరికి అక్క లేదు. బావ ఒక్కడే గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాడు. జోకు వెయ్యలేదు.

"రేపు మధ్యాహ్నం భోజనానికి రమ్మంది మీ అక్క. ఒట్టి చేతుల్తో రమ్మంది."

"ఒట్టి చేతులేంటి బావా?"

"పెన్నూ కాయితం లేకుండా."

ఫిబ్రవరి 22, సాయంత్రం

అక్క వంటింట్లో పీట వేసుకుని బఠాణీలు ఒలుస్తోంది. ముందున్న గిన్నె నా వైపు తోసింది. ఇద్దరం ఒలిచాం. బావ పేపరు పట్టుకుని బయటి గదిలోకి వెళ్ళిపోయాడు. తలుపు కూడా దగ్గరికి వేశాడు.

"పుస్తకం బాగుంది," అంది అక్క. "పాపం ఆ అమ్మాయి."

"అది నువ్వు కాదక్కా."

"నేను కాదని నాకు తెలియదా? నేను మాట్లాడుతూనే ఉన్నా కదా."

"ఎవరితో?"

"అమ్మతో. నాన్నతో. పాలవాడితో, పక్కింటి తాతగారితో. నువ్వు వీధి మలుపు తిరిగేదాకా ఆగి మొదలుపెట్టేవాళ్ళం. నాలుగింటికి నీ చెప్పుల చప్పుడు వినపడగానే ఆపేసేవాళ్ళం."

"అందరూనా?"

"అందరూ."

నేను బఠాణీలు గిన్నెలో వేస్తున్నానో తొక్కల్లో వేస్తున్నానో నాకే తెలియలేదు. అక్క చూసి, ఏరి, సరిచేసింది.

"మరి నాతో ఎందుకు మాట్లాడలేదు?"

"మీ పెద్దటీచరు గుర్తుందా?"

గుర్తుందన్నాను. బిస్కెట్లు పంచారన్నాను. అక్క చేతిలోని కాయ ఒలవకుండా పక్కన పెట్టింది.

ప్రతి గురువారం పెద్దటీచరు వేరే ఊరికి ట్రంకు కాల్ బుక్ చేసేదట. అవతల ఒకాయన. మూడు నిమిషాలు. తలనొప్పి తగ్గిందా అని ఆయన అడిగేవాడు, నువ్వడిగాక తగ్గింది అనేది ఈవిడ. అంతే, ఇంకేం లేదు. తర్వాత పెట్టేస్తాను మరి, పెట్టేస్తున్నాను అంటూ పెట్టలేకపోయేది. మూడు నిమిషాలయ్యాయి అని చెప్పడానికి అక్కకే మనసొప్పేది కాదట. ఒకసారి నాలుగో నిమిషం దాకా ఊరుకుందట. లైన్లో విన్నది బయట చెప్పనని ఉద్యోగంలో చేరేటప్పుడు సంతకం పెట్టింది. అయినా అంత బాగున్న సంగతి ఎవరో ఒకరితో చెప్పుకోకుండా ఉండలేక, మెట్ల మీద నాతో చెప్పింది. పేరు చెప్పలేదు. గొంతు మాత్రం అనుకరించి చూపించింది.

నేను దాన్ని ఆదివారం కొట్టులో చదివాను. పేరు నాకూ తెలియదు. కానీ గొంతు అచ్చం దించేశాను. ఊళ్ళో సగంమంది ఆవిడ దగ్గర చదువుకున్నవాళ్ళే. ఎవరి గొంతో వాళ్ళకి తెలియదా?

"నేను వెనక గదిలో ఉన్నా," అంది అక్క. "నా మాటలే ముందుగదిలోంచి వినపడుతున్నాయి. జనం పగలబడి నవ్వుతున్నారు. నాన్న కూడా నవ్వాడు, ఎవరో తెలిసేదాకా."

"తర్వాత?"

"గురువారం పెద్దటీచరు కాల్ నాకే వచ్చింది. రోజూలాగే నంబరు చెప్పండి అన్నా. 'గురువారం కాల్ రద్దు చెయ్యమ్మా, ఇంక అక్కర్లేదు,' అంది. నా గొంతు ఆవిడకి తెలుసు. నేను ఎవరి కూతుర్నో తెలుసు. మంచిదండీ అన్నా. అంతే అన్నా. ఇంకేమనాలో మా ట్రైనింగులో చెప్పలేదు."

నెల తిరక్కుండా ఆవిడ ఊరు వదిలి వెళ్ళిపోయింది. సూపర్‌వైజరు అక్కని పిలిచి అడిగాడట. నాన్న వెళ్ళి కాళ్ళావేళ్ళా పడితే ఉద్యోగం మిగిలింది.

"నాకెందుకు చెప్పలేదు?" అన్నాను.

"నాన్న చెప్పొద్దన్నాడు. చెప్తే అది రాయడం మానేస్తుంది అన్నాడు."

నేను ఏడ్చాను. పెద్దగానే ఏడ్చాను. బయటి గదిలో పేపరు చప్పుడు ఆగింది. యాభై ఎనిమిదేళ్ళ దాన్ని, బఠాణీ తొక్కల ముందు కూర్చుని ముక్కు చీదుకుంటూ, క్షమించమని అడిగాను.

"ఛ, ఊరుకో. పదకొండేళ్ళ పిల్లవి. కోపం నాకు వారం రోజులే."

"మరి పదకొండు నెలలు?"

"అది కోపం కాదే. భయం. నీకు చెప్తే ఊరికి చెప్పినట్టే కదా. నువ్వెంత బాగా చెప్తావో అంత భయం." తొక్కలన్నీ కాగితంలో చుట్టింది. "తర్వాత ఒకరోజు నువ్వు జడ వంకరగా వేసుకుని స్కూలుకి పోతున్నావు. చూడలేకపోయా. అందుకని పిలిచా."

నా నవల చివరి పేజీ అది. అందులో ఆ అమ్మాయికి పోయిన మాట తిరిగొచ్చింది అని రాశాను.

"ఇప్పుడు? ఇప్పుడు కూడా భయమేనా అక్కా?"

అక్క లేచి గిన్నె కడిగింది. కుళాయి కట్టేసి, చేతులు తుడుచుకుని, నా వైపు తిరిగింది.

"మీ వైపు ఎండలెలా ఉన్నాయే?" అంది.

ఫిబ్రవరి 23

రైల్లో రాస్తున్నాను.

అక్కకి గర్భసంచి తీసేశారని నాకు చెప్పింది బావ. అంతకు ముందు రెండుసార్లు కడుపు పోయిందని చెప్పింది అమ్మ. ఆ రెండు సంగతులూ నాకు ఏళ్ళు గడిచాకే తెలిశాయి. అక్క ఉద్యోగం వదిలేసిందని తెలిసింది కూడా పక్కింటావిడ ద్వారా. వారానికోసారి ఫోన్లో మాట్లాడుకుంటాం. ఎండలు. వానలు. మోకాళ్ళు. ఏం కూర వండావు. నేను మాత్రం నా సంగతులన్నీ చెప్తాను, గంటలు గంటలు. అక్క వింటుంది. అక్కకి వినడం బాగా వచ్చు అని అందరికీ చెప్పుకుని మురిసిపోయాను.

పదకొండు నెలలు కాదు. నలభై ఏడేళ్ళు.

ఇంకొకటి కూడా రాయాలి. ఎవరూ చదవరు కాబట్టి రాస్తాను. పెద్దటీచరు కాల్ రద్దు చెయ్యమన్న మాట అక్క చెప్పినప్పుడు, కళ్ళలో నీళ్ళు తిరగడానికి ముందు, నా మనసులో మెదిలిన మాట వేరు. నా నవల కన్నా ఇదెంత బాగుందో అనుకున్నాను. లాడ్జికి నడిచినంతసేపూ ఒక్క మాట జారిపోకుండా పైకే వల్లె వేసుకున్నాను. దారిలో ఒకావిడ నన్ను చూసి పక్కకి తప్పుకుంది. గదికి రాగానే కూర్చుని రాసేశాను. నిన్నటి పేజీలు అవే. ఒట్టి చేతులతో రమ్మంటే వెళ్ళాను గానీ, ఒట్టి చేతులతో తిరిగి రాలేదు.

సిగ్గులేని జన్మ.

ఫిబ్రవరి 26

పబ్లిషరు.

"ఆ మూడో వరసావిడ ఎవరు మేడమ్? ఆ వీడియో జనం తెగ చూస్తున్నారు. ఆవిడ మాటల్ని బట్టి ఏదో తెలిసినావిడలా ఉంది."

నేను ఊరుకున్నాను. ఊరుకుంటే ఆయనకి అర్థమైపోతుంది, అదీ నాకు తెలుసు.

"రెండో ముద్రణకి చివర ఓ పది పేజీలు రాయండి. అసలేం జరిగిందో. పుస్తకం ఎక్కడికో వెళ్ళిపోతుంది."

"ఆలోచిస్తాను," అన్నాను.

ఫిబ్రవరి 28

ఊరికే రాసి చూశాను. నాలుగు పేజీలు. అచ్చుకి కాదు.

మార్చి 1

ఎనిమిది పేజీలు. నా జన్మలో ఇంత బాగా రాయలేదు.

మార్చి 3

పెద్దటీచరు ఇప్పుడు ఉండి ఉండదు. నాన్న లేడు. ఎవరికీ నష్టం లేదు. నా తప్పు నేనే ఒప్పుకుంటున్నాను కాబట్టి ఇది ఒక రకంగా ప్రాయశ్చిత్తం కూడా. అక్కని అడిగే చేస్తాను. వద్దంటే మానేస్తాను. వద్దనదు.

మార్చి 4

ఫోన్ అక్కే ఎత్తింది. పుస్తకం వచ్చాక మొదటిసారి.

"చెప్పు," అంది.

చెప్పాను. పబ్లిషరు అడిగాడని, పది పేజీలని, తన పేరు ఉండదని, తప్పంతా నాదేనని రాస్తానని. బాగా చెప్పాను. మధ్యలో ఒకచోట నా గొంతు నాకే నచ్చింది.

అక్క అంతా విన్నది.

"నీ ఇష్టమే," అంది. తర్వాత, "ఇక్కడ ఇవాళ మబ్బేసింది," అంది.

మీ వైపు వానలా అని అక్క అడిగింది. లేవన్నాను. ఆరోగ్యం జాగ్రత్త అంది. పెట్టేసింది.

వద్దనలేదు. నలభై ఏడేళ్ళుగా అక్క నన్ను దేనికీ వద్దనలేదు. తలుపు మాత్రం దగ్గరికి వేసుకుంది. ఈసారి ఆ తలుపు పడటం నా చెవులతో విన్నాను.

మార్చి 5

ఎనిమిది పేజీలూ చింపాను. చింపే ముందు ఇంకోసారి చదవాలనిపించింది. చదవలేదు. చదివితే చింపేదాన్ని కాదు.

పబ్లిషరుకి చెప్పాను, చివర ఏ పేజీలూ లేవని, అట్ట మీద నిజజీవిత కథ అని వేస్తే పుస్తకం వెనక్కి తీసుకుంటానని.

"ఆవిడెవరో అదైనా చెప్పండి మేడమ్."

"చదువరి. మంచి ప్రశ్న అడిగింది."

ఆయనకి ఒళ్ళు మండింది. మండనీ.

అక్కకి ఫోన్ చేసి, "వద్దన్నానక్కా," అని ఒక్కమాట చెప్పాను. ఇంకేమైనా అంటే మళ్ళీ బాగా చెప్పేస్తానేమోనని నేనే పెట్టేశాను.

మార్చి 11

ఫోన్ లేదు. నేను కూడా చెయ్యలేదు. చెయ్యకుండా ఉండటం ఎంత కష్టమో.

మార్చి 15

బావ చేశాడు. ఊరికే. నా జుట్టు రంగు ఎలా ఉందో కనుక్కుందామనట. వెనకాల అక్క గిన్నెలు సర్దుతున్న చప్పుడు వినపడింది. అక్కకి ఇవ్వమని అడగలేదు.

మార్చి 19

మధ్యాహ్నం అక్క ఫోన్ చేసింది. తనే చేసింది. నేను ఏమీ అడగలేదు. నలభై నిమిషాలు మాట్లాడింది. మధ్యలో ఒకసారి ఏడ్చింది. చివర్లో ఇద్దరం నవ్వుకున్నాం.

ఏం చెప్పిందో నాకు గుర్తుంది.